పిడికెడంటే ఎవరి పిడికెడు

టవర్ క్రేన్ నడిపే ఆయన్ని సైట్లో అందరూ పైవాడనే పిలుస్తారు. ఇనుము ఆలస్యంగా అందితే చాలు, "అంతా పైవాడి దయ" అని నవ్వుకుంటారు. ఆయనకీ ఆ పేరంటే లోలోపల ముచ్చటే. పద్దెనిమిది అంతస్తుల ఎత్తున, చుట్టూ అద్దాలున్న ఆ చిన్న గదిలో కూర్చుంటే కింద మేనేజరు కూడా చీమంతే కనిపిస్తాడు. చీమ అరుపులు అంత పైకి వినిపించవు. ఇంతకన్నా హాయైన ఉద్యోగం ఇంకెక్కడుంటుంది?

ఆ హాయికి కొత్తగా వచ్చిన భద్రతాధికారి ఎసరు పెట్టాడు. నిచ్చెన ఎక్కేటప్పుడు కట్టుకునే బెల్టు వంద కిలోల దాకే ఆగుతుందట. పైవాడి బరువు నూట ఎనిమిది. మూడు నెలల్లో వంద లోపుకి వస్తే సరేసరి, లేదంటే గోదాములో కూర్చుని వచ్చిన వాళ్లందరికీ హెల్మెట్లు పంచాలి.

"ఆ గోదాముకి కిటికీ కూడా లేదే," అన్నాడు ఇంటికొచ్చి భార్యతో, అయినవాళ్లెవరో పోయినట్టు మొహం పెట్టి.

ఆవిడ మర్నాడే ఆయన్ని క్లినిక్‌కి లాక్కెళ్లింది. అక్కడి నర్సు చెప్పిన పద్ధతి తేలికే. కంచంలో సగం కూరగాయలు, ఓ గుడ్డు, పిడికెడు అన్నం. మారు వడ్డించుకోకూడదు. ఓస్, ఇంతేనా అనుకున్నాడు పైవాడు. ఎందుకంటే ఆయన పిడికిలి చిన్న సైజు గుమ్మడికాయంత ఉంటుంది. ఇంటికి రాగానే చొక్కా చెయ్యి పైకి మడిచి, కంచం పక్కన పిడికిలి ఆనించి కూర్చున్నాడు.

"అదేంటి?" అంది భార్య.

"కొలత."

ఆవిడ ఆ పిడికిలినీ కంచాన్నీ మార్చి మార్చి చూసి, పక్కనే తన పిడికిలి పెట్టింది. బత్తాయి కన్నా కాస్త చిన్నది. "పిడికెడంది గానీ ఎవరిదో చెప్పలేదుగా నర్సు. వడ్డించేది నేను కాబట్టి నాదే లెక్క."

ఆ రోజు నుంచీ పైవాడి కష్టాలు మొదలయ్యాయి. అన్నాన్ని కంచమంతా పరిచి చూసుకున్నాడు, ఎక్కువగా కనిపిస్తుందేమోనని. ఆవిడ కంచం తీసేసి చిన్న పళ్లెం పెట్టింది. బతిమాలాడు, అలిగాడు, నీరసమొచ్చిందని గోడ పట్టుకుని నడిచాడు. "ఇంకొక్క గరిటె" అని ఎన్నిసార్లు అడిగినా ఆవిడది ఒకటే మాట, లేదు. ఓ రోజు పైనుంచి వైర్లెస్‌లో గోడు వెళ్లబోసుకున్నాడు. "మా ఆవిడ గుండెని సిమెంటుతో పోశారు తమ్ముడూ."

"అన్నా, సైటంతా వింటోంది," అన్నాడు కింద జెండా ఊపే కుర్రాడు.

అయినా బరువు దిగింది. ప్యాంటు వదులవుతున్న కొద్దీ ఆయన కళ్లు నెత్తికెక్కాయి. భోజనాల వేళ మేస్త్రీల డబ్బాల్లోకి తొంగిచూసి, "ఇది ఇద్దరి తిండి" అని తీర్పులివ్వడం మొదలెట్టాడు. మేస్త్రీలు ఆయన్ని చూడగానే మూతలు పెట్టేసుకునేవాళ్లు.

గడువు రోజున బూట్లు, వాచీ తీసేసి, జేబులో దువ్వెన కూడా పక్కన పెట్టి బరువుయంత్రం ఎక్కాడు. "ఊపిరి బిగబట్టినా తగ్గదండీ," అన్నాడు అధికారి. తొంభై తొమ్మిదిన్నర. సైటు చప్పట్లు కొట్టింది. ఆ సంబరం ముందు ఇంట్లో చెప్పాలని, ఓ పూట సెలవు పెట్టి ఇంటికొచ్చి, మూడంతస్తుల మెట్లూ గబగబా ఎక్కి తలుపు తీశాడు.

భార్య పొయ్యి దగ్గర నిలబడి, గిన్నెని పొట్టకి ఆనించి పట్టుకుని, గరిటెతోనే అన్నం తింటోంది.

"దొరికావు," అని నవ్వబోయాడు. నవ్వు సగంలో ఆగింది. ఈ మూడు నెలల్లో ఆవిడ బుగ్గలు నిండిపోయాయి. చేతులు లావయ్యాయి. ఈ మధ్య రెండో అంతస్తులో సంచి దించి ఆయాసపడుతోంది కదా అని గుర్తొచ్చింది. అప్పుడు తనేం చేశాడు? మెట్లు ఎంత తేలికైపోయాయో చెప్పుకుంటూ ముందు నడిచాడు.

"అంతెందుకు వండావే? నాకు పెట్టేది పిడికెడేగా."

"మీరడిగినప్పుడు గిన్నె ఖాళీగా ఉండకూడదని," అంది మూతి తుడుచుకుంటూ. "పెట్టేదాన్ని కాదనుకోండి. కానీ ఉండి లేదనడం వేరు, లేక లేదనడం వేరు. ఆ తర్వాత పారేయడానికి చేతులు రాలేదు."

రోజంతా పైవాడు చేసే పనే అది, ఒకచోట బరువెత్తి ఇంకోచోట దించడం. మూడు నెలలుగా ఇంట్లోనూ అదే చేశాడన్నమాట. తన పళ్లెంలో మెతుకు మెతుకూ చూసుకున్న మనిషి, ఎదురుగా ఆవిడ పళ్లెం అసలుందో లేదో చూడలేదు. ఆయనకి తల కొట్టేసినట్టయింది.

ఆ సాయంత్రం వంట తనే చేశాడు. అన్నం కాస్త పలుకైంది, కూరలో ఉప్పు తగ్గింది. ఇద్దరికీ సమంగా వడ్డించి, ఆవిడని బలవంతంగా ఎదురుగా కూర్చోబెట్టాడు. ఆవిడ తిని, పళ్లెం ముందుకు జరిపింది.

"ఇంకొక్క గరిటె."

గిన్నెలో సరిగ్గా ఒక్క గరిటెడు మిగిలింది. లేదు అనబోయి ఆవిడ మొహం చూశాడు. ఆకలి మొహమే. గరిటె కింద పెట్టేశాడు.

"ఇన్నాళ్లూ లేదని ఎలా అనగలిగావే?"

"మీ మొహం చూడకుండా," అంది ఆవిడ.

పైవాడు తల తిప్పుకుని గిన్నె మీద మూత పెట్టి, దాన్ని తీసుకుని వంటింట్లోకి నడిచాడు. కళ్లు తుడుచుకునేదాకా ఇవతలికి రాలేదు.