బావకు అమ్మిన మోటారు

కూర్మనాథం రంగూన్‌లో ఏడేళ్లు ఉన్నాడు. బియ్యం మిల్లులో కూలికని వెళ్లినవాడు కాస్తా మిల్లు పక్కనున్న మోటారు షెడ్డులో తేలాడు. మొదట చక్రాలు కడిగాడు, తరవాత బోల్టులు బిగించాడు, చివరికి ఇంజను మొత్తం విప్పి మళ్లీ కూర్చగల మనిషయ్యాడు. 1925లో పలాస స్టేషనులో దిగినప్పుడు అతని పెట్టెలో భార్య నూకాలమ్మకు తెచ్చిన పట్టుచీర ఒకటీ, మిగిలిన చోటంతా పనిముట్లూ ఉన్నాయి.

ఉద్దానంలోని తన ఊళ్లో ఆ పనిముట్లతో చేసే పనేముంటుంది? కొబ్బరితోటల మధ్య ఇసకదారులు, ఆ దారుల్లో ఎడ్లబళ్లు. ఎప్పుడైనా దొరలదో జమీందారుదో కారు ట్రంకు రోడ్డు మీద పోతుంటే, కూర్మనాథం చేతిలో ఉన్న పార అక్కడే పడేసి పరుగెత్తేవాడు. కారు కనుమరుగైపోయినా దుమ్ములో నిలబడి చూసేవాడు. ఊరివాళ్లు నవ్వేవారు. నవ్వితే నవ్వనీ అనుకునేవాడు.

ఆ సంగతి ఎలా తెలిసిందో గాని, బరంపురంలో మోటార్లు అమ్మే కంపెనీ మేనేజరు మన్మథరావు అతనికి కబురుపెట్టాడు. పలాస నుంచి టెక్కలి దాకా, అటు సముద్రం ఒడ్డు ఊళ్ల దాకా మోటార్లు అమ్మిపెట్టే మనిషి కావాలన్నాడు.

“అమ్మకం నాకు సేతకాదండి. బాగుసెయ్యడమే వచ్చు” అన్నాడు కూర్మనాథం.

“బాగుచేసేవాళ్లు నాకు నలుగురున్నారు. నీకు మోటారంటే ప్రాణమట. నువ్వు దాని గురించి మాట్లాడితే చాలు, వినేవాడు కొంటాడు” అన్నాడు మన్మథరావు.

అలాగే జరిగింది. కూర్మనాథం అబద్ధాలేమీ ఆడలేదు. బానెట్టు ఎత్తి, ఇదిగో ఇక్కడ నిప్పు పుడుతుంది, ఇక్కడ పెట్రోలు మండుతుంది, ఆ ఊపు ఇలా చక్రాలకు వెళుతుంది అని చూపించేవాడు. చూపిస్తూ తనే మైమరచిపోయేవాడు. టెక్కలిలో ఒక వకీలు కొన్నాడు. మందసలో ఒక కొబ్బరి వ్యాపారి కొన్నాడు. రెండూ మంచి బళ్లే.

మూడోది పాతబండి. ఎవరో దొర వాడి వదిలేసింది. నల్లరంగు, ఇత్తడి దీపాలు. దాని ఇంజనును కూర్మనాథమే విప్పి నెలరోజులు కూర్చాడు. అది పలికే పలుకు అతనికి కన్నబిడ్డ మాటలా ఉండేది. ఒక్కటే లోపం. తిప్పే చక్రం కింద ఒక చిన్న మీట ఉంటుంది. బండి స్టార్టు చేసే ముందు ఆ మీటను పైకి నెట్టి ఉంచాలి. అది కిందికి జారితే ఇంజనులో నిప్పు ముందుగా పుట్టి, ముందు నిలబడి హ్యాండిలు తిప్పేవాడి చేతిని వెనక్కి తంతుంది. ఈ బండిలో మీటను పట్టి ఉంచే పళ్లు అరిగిపోయాయి. కూర్మనాథం దాని సందులో కాస్త కొబ్బరిపీచు కుక్కి, మీట జారకుండా చేసుకున్నాడు. కొత్తది కలకత్తా నుంచి తెప్పించాలన్నాడు.

“ముందు అమ్ము. తరవాత తెప్పిద్దాం” అన్నాడు మన్మథరావు.

ఆ బండిని కొన్నది కూర్మనాథం బావ గున్నయ్య. అక్క సన్యాసమ్మ మొగుడు. పలాస స్టేషను నుంచి జనాన్నీ కొబ్బరికాయల్నీ ఎడ్లబండి మీద తోలేవాడు. మోటారుంటే టెక్కలికి రోజుకు రెండు తడవలు వెళ్లి రావచ్చని ఆశపడ్డాడు. ఎడ్లను అమ్మాడు, తోటలో ఒక ముక్క అమ్మాడు. బండి తాళం చేతికిచ్చేటప్పుడు మీట సంగతి కూర్మనాథం నోటిదాకా వచ్చింది. చెబితే బావ జంకుతాడు. జంకితే ఆ బండి ఏ ఒరిస్సా పల్లెకో పోతుంది, మళ్లీ కంటికి కనబడదు. బావ దగ్గరుంటే రోజూ చూడొచ్చు, ముట్టుకోవచ్చు. వారంలో కొత్త మీట తనే వేసేద్దాంలే అనుకున్నాడు. హ్యాండిలు ఎలా తిప్పాలో మాత్రం నేర్పాడు.

“బొటనేలు ఇటేపు ఉంచుకో బావా. హ్యాండిలుకి సుట్టొద్దు.”

“నాకు తెల్దేటి? ఎడ్లనే తోలినోణ్ణి” అని నవ్వాడు గున్నయ్య.

వారం గడిచింది. టెక్కలిలో మరో ఇద్దరు మోటారు చూస్తామన్నారు. ఆ తిరుగుడులో కూర్మనాథం కలకత్తాకు ఉత్తరం రాయనేలేదు.

పంతొమ్మిదో రోజు పొద్దున్న, స్టేషను బయట, ఆరుగురు జనం బండెక్కి కూర్చున్నాక, గున్నయ్య హ్యాండిలు తిప్పాడు. కేక విని కూర్మనాథం టీ బడ్డీలోంచి పరుగెత్తుకొచ్చేసరికి గున్నయ్య నేల మీద కూర్చుని ఉన్నాడు. కుడి మణికట్టు చేతికి సంబంధం లేనట్టు పక్కకు వాలిపోయి ఉంది. అందరూ గున్నయ్య చుట్టూ మూగారు. కూర్మనాథం బండి దగ్గరికి వెళ్లాడు. మీట కిందికి జారి ఉంది. కొబ్బరిపీచు బండిలో కాళ్లు పెట్టుకునే పలక మీద పడి ఉంది. దాన్ని తీసి జేబులో వేసుకున్నాడు. ఆ తరవాతే బావ దగ్గరికి వెళ్లాడు.

ఎముక కట్టేవాడు వెదురుబద్దలు పెట్టి కట్టాడు. చెయ్యి అతుక్కుంది గాని, వంకరగా అతుక్కుంది. వేళ్లు ముడుచుకోవు. అన్నం ముద్ద కలవదు. ఇంట్లో సన్యాసమ్మ కలిపి పెట్టేది. ఆమె లేనప్పుడు ఎడమచేత్తో తినేవాడు. నలుగురిలో ఎడమచెయ్యి విస్తట్లో పెట్టలేక పెళ్లి భోజనాలకు వెళ్లడం మానేశాడు. ఒకసారి కూర్మనాథం చెప్పకుండా ఇంట్లోకి వెళ్లేసరికి బావ ఎడమచేత్తో తింటున్నాడు. ఇద్దరూ ఒకేసారి తలలు దించుకున్నారు.

ఎవరడిగినా గున్నయ్యది ఒకటే మాట. “తప్పు నాదే. మా బామ్మర్ది బొటనేలు సుట్టొద్దని సెప్పనే సెప్పాడు. నానే మర్సిపోయాను.”

కూర్మనాథం కొత్త మీట తెప్పించి, ఎవరూ లేనప్పుడు బిగించాడు. తనకు అంత ఇష్టమైన ఇంజను కేసి చూడలేకపోయాడు. ఎవరికైనా మోటారు చూపిస్తూ మునుపటిలా మైమరచిపోలేకపోయేవాడు. అయినా చూపిస్తూనే ఉన్నాడు, అమ్ముతూనే ఉన్నాడు.

నాలుగు నెలలకు నిమ్మాడ నుంచి వైకుంఠరావు అనే రైతు మోటారు చూద్దామని పలాస వచ్చాడు. పదిమందిని వెంట తెచ్చుకున్నాడు. కూర్మనాథం కొత్తబండి బానెట్టు ఎత్తబోతుండగా గున్నయ్య అక్కడికి వచ్చాడు. ఈమధ్య హ్యాండిలు తిప్పడానికి ఒక మనిషిని పెట్టుకుని, వంకరచేత్తోనే బండి నడుపుతున్నాడు.

“అయ్యా, నా మాట ఇనండి” అన్నాడు గున్నయ్య వైకుంఠరావుతో. “మా బామ్మర్ది మోటారుని కన్నబిడ్డనాగ సూత్తాడు. తప్పుడు బండి పేనం పోయినా అమ్మడు. కళ్లు మూసుకుని కొనీయండి.”

కూర్మనాథం ఒక్క క్షణం తలూపి ఊరుకుందామనుకున్నాడు. ఊరుకోలేకపోయాడు.

“తప్పుడు బండే అమ్మేను” అన్నాడు. “బావా, నీ బండి మీట అరిగిపోయిందని నాకు ముందే తెల్సు. పీచు కుక్కి అమ్మేను. నీ ఏలు తప్పేటీ లేదు. పీచు ఊడిపోయి మీట జారింది, అందుకే తన్నింది. ఆరోజు ఆ పీచు తీసి నా జేబులో ఏసుకున్నాను.”

కూర్మనాథం తిట్లకు సిద్ధపడ్డాడు, దెబ్బలకూ సిద్ధపడ్డాడు. కాని జనం చూస్తున్నది అతణ్ణి కాదు, గున్నయ్యను. వెనకనుంచి ఎవరో అన్నారు, “ఎడ్లమ్ముకుని కొన్నాడు పాపం. బామ్మర్దే టోపీ పెట్టేసినాడు.” ఒకరిద్దరు నవ్వారు.

గున్నయ్య వంకరచేతిని పైపంచె కిందికి లాక్కున్నాడు. బండి వైపు నాలుగడుగులు వేసి, కూర్మనాథం పక్కన ఆగాడు. అతనికి మాత్రమే వినబడేటట్టు అన్నాడు:

“ఇన్నాళ్లు ఊరందరికీ ఏలు సంగతి మర్సిపోయినోణ్ణి. ఈవేళ నుంచి తెలివి తక్కువోణ్ణి. ఈ మాట మా ఇంటికొచ్చి నా ఒక్కడితో సెప్పలేకపోయేవా?”

కూర్మనాథం ఇంతసేపూ, నిజం చెప్పేశాను, గుండె బరువు దిగింది అనుకుంటున్నాడు. ఆ బరువు దించుకోవడానికి కూడా తనకు బావ తలే దొరికిందని అప్పుడు తెలిసింది.

మర్నాడు బరంపురం వెళ్లి ఉద్యోగం మానేస్తానన్నాడు. మన్మథరావు ఆశ్చర్యపోయాడు. “ఒక్క బండి పొరపాటుకే? నీ అంత ఇష్టంగా అమ్మేవాడు నాకెక్కడ దొరుకుతాడు?”

“ఇష్టమే నన్ను సెడగొట్టిందండి. ఆ బండి నా కళ్ల ముందే ఉండాలని బావకి నిజం దాసేను” అని చెప్పి కూర్మనాథం వచ్చేశాడు.

టెక్కలిలో తాటాకుల పాక వేసి, మోటార్లు బాగుచేయడం మొదలుపెట్టాడు. గున్నయ్య బండి రోజుకు రెండుసార్లు ఆ పాక ముందునుంచే పోయేది. ఎప్పుడూ ఆగలేదు. ఆరు నెలల తరవాత ఒక మధ్యాహ్నం అది రాలేదు, మర్నాడూ రాలేదు. బండి ఇంటి దగ్గర చెడిపోయి ఉందని, బరంపురం నుంచి మేస్త్రీ రావడానికి పదిరోజులు పడుతుందని ఎవరో చెప్పారు.

కూర్మనాథం పనిముట్ల సంచి భుజాన వేసుకుని బావ ఇంటికి వెళ్లాడు. సన్యాసమ్మ వాకిట్లో కొబ్బరాకులు చీలుస్తోంది. తమ్ముణ్ణి చూసి చీపురుపుల్లలు పక్కన పెట్టింది.

“ఏటి, ఇలగొచ్చేవు?”

“అప్పా, బావ ఒప్పుకుంటే బండి సూత్తాను. ఒప్పుకోపోతే ఎలిపోతాను.”

ఆమె లోపలికి వెళ్లింది. చాలాసేపటికి గున్నయ్య బయటికి వచ్చాడు. బానెట్టు ఎత్తిపెట్టి, అరుగు మీద కూర్చున్నాడు.

కూర్మనాథం రెండు పూటలు పనిచేశాడు. విప్పిన ప్రతి ముక్కనూ గున్నయ్య ముందు పెట్టి, ఇది బాగుంది, ఇది ఇంకో ఏడాది వస్తుంది, ఇది రేపోమాపో విరిగిపోతుంది అని ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. చివరికి హ్యాండిలు తనే తిప్పాడు. ఇంజను పలికింది. అలవాటుకొద్దీ ముఖం విప్పారబోయింది గాని, అరుగు మీద వంకరచెయ్యి కనబడి, ఆ నవ్వును అక్కడే మింగేశాడు.

“ఇంకేటైనా దాసేవా?” అడిగాడు గున్నయ్య.

“నేదు బావా.”

గున్నయ్య తలూపాడు. నమ్మాడో లేదో ముఖంలో తెలియలేదు. సన్యాసమ్మ చెంబుతో నీళ్లు తెచ్చి అరుగు అంచున పెట్టింది. కూర్మనాథం నిలబడే తాగి, సంచి సర్దుకుని, ఇసకదారి పట్టాడు.