మంచులో టైర్ల అచ్చు

బజారు వెనక ఇరుకు సందులో కారు తిప్పుతుండగా దాని అడుగున ఏదో మూలిగింది. కలోయాన్ చెయ్యి చాచి రేడియో ఆపేశాడు. వెనక సీట్లో పాప పక్కన కూర్చున్న వెనెతా అద్దంలో భర్త ముఖం చూసింది.

"విన్నావా?" అంది.

"విన్నాను."

"ఎక్కణ్నుంచి?"

"సరిగ్గా మధ్యలోంచి. ఎవరో పళ్లు కొరుకుతున్నట్టు."

అతను స్టీరింగ్ ఇంకాస్త తిప్పాడు. కారు ఒక్కసారి ఎగిరి, ఎవరో వెనక నుంచి పట్టి లాగినట్టు ఆగి, మళ్లీ కదిలింది. కలోయాన్ స్మోల్యాన్ ఊరి సంగీత పాఠశాలలో క్లారినెట్ నేర్పుతాడు. పిల్లలు స్వరం తప్పితే పక్క గదిలోంచి పట్టేస్తాడు. అలాంటి చెవి ఉన్నవాడికి ఇలాంటి కారు దక్కడం ఒక శిక్షే అనుకుంది వెనెతా.

కారు మాత్రం చూడముచ్చటగా ఉంటుంది. ముదురు నీలం రంగు, తోలు సీట్లు, నాలుగు చక్రాలకూ ఇంజిన్ బలం అందే జర్మనీ కారు. ప్లోవ్‌దివ్ వెళ్లే కొండదారిలో లారీలే గొలుసులు కట్టుకుని ఆగిపోయిన చోట ఇది నేలను కరుచుకుని పైకి పోతుంది. సెప్టెంబరులో అది ఇంటికొచ్చిన రోజున మామగారు మింకో రాగి చెంబుతో చక్రాల ముందు నీళ్లు పోశారు, ప్రయాణాలు నీళ్లలా సాగిపోవాలని. అమ్మినవాడు లచెజార్ పక్కనే నిలబడి నవ్వుతున్నాడు.

లచెజార్ వాళ్ల కూమ్. పెళ్లిలో వాళ్ల తలల మీద కిరీటాలు మార్చినవాడు, పుట్టిన బిడ్డను చేతుల్లోకి తీసుకుని జ్ఞానస్నానం చేయించాల్సినవాడు. అన్నదమ్ములతో మాటలు మానేసినవాళ్లు ఈ ఊళ్లో చాలామందే ఉన్నారు. కూమ్‌తో మానేసినవాళ్లను వెనెతా ఎరగదు. కానీ అతని వ్యాపారమేమో జర్మనీ నుంచి వాడిన కార్లు తెచ్చి అమ్మడం. అలాంటి కార్లలో నడిచిన దూరం చూపే మీటర్లు సరిహద్దు దాటగానే వెనక్కి తిరుగుతాయని ఇక్కడ పసిపిల్లలకు కూడా తెలుసు.

"నీకు అలాంటిదివ్వను, కూమా," అన్నాడు అప్పుడు లచెజార్. "ముసలి డాక్టరు నడిపిన కారు. చలికాలపు టైర్లు కూడా డిక్కీలో పడేస్తున్నా, పో."

ఆ ముసలి డాక్టరు మీదే ఇప్పుడు వెనెతాకు అనుమానం. ఎవరు కారు కొన్నా జర్మనీలో ఒక ముసలి డాక్టరు బయటికొస్తాడు. ఆ దేశంలో పడుచు డాక్టర్లే లేరా?

మర్నాడు కలోయాన్ ఊరి చివర మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లాడు. అతను కారు కింద దూరి, బయటికొచ్చి, చేతులు తుడుచుకుంటూ తల ఆడించాడట.

"ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ బలం పంచే పెట్టె ఒకటుంటుంది, అది పోతోందన్నాడు. మీటరు చూపించే దూరానికి అది పోయే వయసు కాదట. ఎవరమ్మారని అడిగాడు."

"చెప్పావా?"

"చెప్పాను. ఈల వేశాడు."

"ఆ మెకానిక్ కూడా కార్లు అమ్ముతాడు కదా. ఈల వెయ్యక ఏడుస్తాడా?"

"నువ్వు లచెజార్ పక్షమా?"

"నేనెవరి పక్షమూ కాదు. పాప బట్టలు ఇస్త్రీ చేస్తున్నాను."

కానీ ఆమె మనసూ కుదురుగా లేదు. పోయిన వారం కూరగాయల దుకాణం ముందు లచెజార్ కనిపించాడు. వాళ్ల కారును చూశాడు, కిందికి వంగి ఏదో పరీక్షగా చూశాడు, చెయ్యి ఊపకుండానే రోడ్డు దాటి వెళ్లిపోయాడు. తప్పు చేసినవాడు కాకపోతే ఎందుకలా వెళ్తాడు? అతని భార్య కూడా ఫోను చెయ్యడం మానేసింది. బాప్టిజం ఆదివారమే. కొవ్వొత్తి ఎలాంటిది కొనాలి, తెల్ల బట్ట ఎంత పొడవుండాలి అని పోరు పెట్టాల్సిన మనిషి.

ఆ సాయంత్రం బీన్స్ సూప్ తింటూ కలోయాన్ చెంచా కింద పెట్టాడు.

"ఓగ్న్యాన్‌ని అడుగుతాను."

"ఏమని?"

"బిల్యానాకు గాడ్‌ఫాదర్‌గా నిలబడమని. నన్ను మోసం చేసినవాడి చేతుల్లో నా కూతుర్ని పెట్టను."

వెనెతా రొట్టె కోయడం ఆపేసింది. ఓగ్న్యాన్ అతనితో పాటు పని చేసే మాస్టారు. మంచివాడే. కానీ కూమ్‌ని పక్కన పెట్టారన్న మాట ఒకసారి బయటికి పొక్కితే తిరిగి లోపలికి రాదు. రేపు బిల్యానా పెళ్లినాడు కూడా జనం అదే గుసగుసలాడతారు.

"అడిగేశావా?"

"రేపు అడుగుతాను."

"ఒక్కరోజు ఆగు."

"ఎందుకు? కారు తనంతట తనే బాగవుతుందా?"

ఆగమన్నదే గానీ, ఆ ఒక్కరోజులో ఏం చెయ్యాలో ఆమెకే తోచలేదు.

తెల్లారేసరికి పెరడంతా మంచు. కలోయాన్ కారును వెనక్కి తీసి, బాగా తిప్పి, గేటు దాటించి బడికి వెళ్లాడు. తిప్పుతుంటే మళ్లీ అదే మూలుగు. వంటింటి కిటికీ దగ్గర నిలబడి విన్న వెనెతా కాసేపటికి కట్టెల కోసం బయటికొచ్చింది. ఎవరూ తొక్కని మంచులో కారు తిరిగిన జాడ చెక్కినట్టు పడి ఉంది. ఆమె దాన్ని దాటబోయి ఆగింది.

ముందు చక్రాల జాడ బాణం మొనల వరసలా ఉంది. వెనక చక్రాలది అలలు అలలుగా ఉంది. బాణాలు నిండుగా, లోతుగా దిగాయి. అలలు పైపైనే పడ్డాయి, మలుపు దగ్గరైతే చెయ్యి పెట్టి అలికేసినట్టు చెదిరిపోయాయి. ఒకే స్వెట్టరుకు రెండు రకాల ఊలు వాడితే ఇలాగే అవుతుంది. ఒక పక్క సాగుతుంది, ఇంకో పక్క లాగుతుంది, మధ్యలో కుట్టు పిగులుతుంది.

ఆమె కట్టెలు అక్కడే పడేసి నేలమాళిగలోకి దిగింది. క్యాబేజీ ఊరేసిన పీపా ఈ ఏడు ఎందుకో కాస్త ఎత్తుగా ఉందని నెలనాళ్లుగా అనుకుంటోంది. వంగి చూసింది. పీపా కింద ఒకదాని మీద ఒకటి రెండు టైర్లు. వాటి మీదా అలలే.

మామగారు పై గదిలో పొయ్యి దగ్గర మిరపకాయలు దండ గుచ్చుతున్నారు.

"మామయ్యా, చలికాలపు టైర్లు మీరే కదా వేయించారు?"

"నేనే. ఏం?"

"నాలుగూ కూమ్ ఇచ్చినవేనా?"

ముసలాయన సూది ఆపారు. "నీకెవరు చెప్పారు?"

"మంచు చెప్పింది."

"అందులో రెండు మరీ అరిగాయమ్మా. పసిబిడ్డతో తిరిగే బండి కదా అని ముందుకు రెండు కొత్తవి కొని వేయించా. కలోయాన్‌కు చెప్తే వద్దంటాడని చెప్పలేదు. నా పాత మోస్క్‌విచ్ కారుకు జీవితాంతం అలాగే చేశా. ఎప్పుడూ రెండే మార్చేది. ఒక్కసారి మూలగలేదది!"

"మీ మోస్క్‌విచ్‌కు రెండు చక్రాలే లాగేవి, మామయ్యా. దీనికి నాలుగూ లాగుతాయి. నాలుగూ ఒక్కలాగే తిరగాలి. కొత్త టైరున్న పెద్ద చక్రం ఒక్క చుట్టుకు ఒక దూరం పోతుంది, అరిగింది ఇంకో దూరం పోతుంది. మధ్యలో ఉన్న పెట్టె ఇద్దరికీ సర్దిచెప్పలేక చస్తోంది."

"అంటే ఇంత ఖరీదు కారుకు పాత చెప్పూ కొత్త చెప్పూ కలిపి వేసుకునే యోగం లేదన్నమాట." ఆయన మిరపకాయల దండ పక్కన పెట్టారు. "లచెజార్ మీద పడిందా ఇది?"

"పడింది."

"అయ్యో, నా నోట్లో మన్ను పడ!"

కలోయాన్ బడి నుంచి రాగానే ఆమె అతన్ని నేలమాళిగలోకి తీసుకెళ్లింది, తర్వాత కారు దగ్గరికి. ముందు టైరు గాడిలో అల్లికసూది గుచ్చి, ఎంత దిగిందో గోటితో గుర్తు పెట్టింది. వెనక టైరులో గుచ్చింది. సూది ఆ గుర్తులో సగం దాకా కూడా దిగలేదు. అతను సూది అందుకుని తనూ రెండు టైర్లలోనూ గుచ్చి చూశాడు.

"ఓగ్న్యాన్‌ని అడిగావా?" అంది.

"మొదలుపెట్టా. ఇంతలో గంట కొట్టారు."

వెనక చక్రాలకు కూడా అలాంటి కొత్తవే వేయించారు, ఆ పెట్టెలో నూనె మార్పించారు. మొదటిరోజు కారు గొణిగింది. తర్వాత గొణుగుడు తగ్గింది. శుక్రవారానికి ఇరుకు సందులో నున్నగా తిరిగింది. కలోయాన్ అదే సందులో మళ్లీ తిరిగాడు, ఇంకోసారి తిరిగాడు. మాంసం కొట్టువాడు తలుపులోంచి బయటికొచ్చి, "ఏం మాస్టారూ, దారి తప్పారా?" అని అరిచాడు.

శనివారం రొట్టె, ఉప్పు, ఎర్ర వైను పట్టుకుని కూమ్ ఇంటికి బయల్దేరారు. పెళ్లికి కిరీటం మార్చినవాణ్ని బాప్టిజానికి మళ్లీ పిలవాలి. పిలవకపోతే రాడు. ఈ పిలుపు ఎప్పుడో అయిపోవాల్సింది.

లచెజార్ గేటు తీశాడు. వాళ్ల ముఖాలు చూడలేదు. నేరుగా కారు చుట్టూ తిరిగి నాలుగు చక్రాలూ చూశాడు.

"ఇప్పుడు జత కలిశాయి," అన్నాడు.

కలోయాన్ ఎర్రబడ్డాడు. "నీకు తెలుసా?"

"కూరగాయల దుకాణం ముందే చూశా. నేనిచ్చినవి రెండు తీసేశావని నొచ్చుకున్నా."

"చూసి చెప్పలేదా, కూమా?"

"చెప్తే ఏమనేవాడివి? కారు పాడైపోయింది, ఇప్పుడు నెపం టైర్ల మీదికి తోస్తున్నాడు అనేవాడివి. ఆ తర్వాత మెకానిక్ దగ్గర నా పేరు చెప్పావని నా చెవిన పడింది. నువ్వే బండి చెడగొట్టుకుని నా నెత్తిన రుద్దడానికి చూస్తున్నావని నేననుకున్నా. నువ్వే వచ్చి అడుగుతావేమో చూద్దామని కూర్చున్నా."

"రాకపోయుంటే?"

"నా భార్య కొవ్వొత్తి కొని పెట్టింది. ఇంట్లోనే వెలిగించుకునేవాళ్లం."

ఎవరూ నవ్వలేదు. వెనెతా రొట్టె ముందుకు చాచింది. చేతులు చల్లబడిపోయాయి, అయినా దించలేదు. "రేపు పదింటికి గుడి దగ్గర, కూమా. బిడ్డను మీరే ఎత్తుకోవాలి. పిలవడం ఆలస్యమైంది, తప్పు మాదే."

అతను రొట్టె వంక చూశాడు, కలోయాన్ వంక చూశాడు. చివరికి ఒక ముక్క తుంచి, ఉప్పులో అద్ది నోట్లో వేసుకున్నాడు.

"మీ నాన్నగారికి చెప్పు," అన్నాడు నములుతూ, "ఆ మోస్క్‌విచ్ ఆయన చేతిలో బతకడం దేవుడి దయని."

తిరుగు దారిలో కలోయాన్ రేడియో పెట్టలేదు. మలుపు వచ్చిన ప్రతిసారీ వింటున్నట్టు తల కాస్త కిందికి వంచుతున్నాడు. ఇందాక కూమ్ ఇంటి దగ్గర బయల్దేరేటప్పుడు వెనెతా వెనక్కి తిరిగి చూసింది. లచెజార్ ఇంకా గేటు దగ్గరే ఉన్నాడు. కారు తిరిగిన చోట, మంచులో మోకాళ్ల మీద కూర్చుని, ముందు జాడా వెనక జాడా పక్కపక్కన పోల్చి చూస్తున్నాడు.