నీళ్ళు నిండినా తేలే పడవ

కయాక్ పడవ నిండా నీళ్ళు నింపి, దాని మీద తను ఎక్కి కూర్చుని, అప్పటికీ తేలితేనే బావని సముద్రం మీదికి పంపుతానని మా అక్క హెల్వి తెగేసి చెప్పింది. మా అక్క సన్నటి మనిషేం కాదు.

తప్పు మా బావ తాయిస్తోదే. పోయిన సెప్టెంబరులో బయటి దీవుల వైపు ఒంటరిగా వెళ్ళి, అల కొడితే బోల్తా పడ్డాడు. చవక ప్లాస్టిక్ పడవ, రెండు చివర్లూ ఖాళీ డొల్ల. లోపలికి నీళ్ళు చేరి వెనక కొన మునిగిపోతే, ముందు కొన పట్టుకుని వేలాడుతున్నవాణ్ణి చేపలవాళ్ళు తమ పడవలోకి లాగేసుకున్నారు. ఆనాటి నుంచి కయాక్ కొట్టంలోనే ఉంది. వసంతం వచ్చి మంచు కరిగేసరికి సముద్రం మీది బెంగతో బావకి తిండి సయించడం మానేసింది.

"లోపల ఫోమ్ కూరితే తేలుతుంది బావా," అన్నాను. మా పాత సోఫాలోని స్పాంజి కూడా నేనే కోసిచ్చాను. కాబట్టి ఇందులో తెలివితక్కువవాణ్ణి నేనే.

మే నెలలో రేవు పక్కన మొదటి పరీక్ష జరిగింది. బకెట్లతో నీళ్ళు నింపాం. అక్క ఒక్క కాలు పెట్టిందో లేదో, వెనక కొన బుడుంగుమంది. స్పాంజి కడుపునిండా నీళ్ళు తాగేసింది. ఇద్దరం కలిసి లాగినా పడవ ఒక పట్టాన ఒడ్డుకి రాలేదు.

"ఏమండోయ్, ఇది పడవా, గిన్నెలు తోముకునే పీచా?" అంది అక్క.

బావ నా వైపు తిరిగాడు. "ఓయివా, నీ బుర్ర కూరినా ఇంతకన్నా బాగా తేలేది. అందులో ఉన్నది గాలేగా!"

ఆ తర్వాత ఆయన పద్ధతిగా మొదలుపెట్టాడు. నీళ్ళు పీల్చని గట్టి ఫోమ్ దిమ్మలు తెచ్చాడు. అట్టముక్కతో లోపలి వంపు కొలత తీసి, చేపలు కోసే కత్తితో దిమ్మని చెక్కి, అడుగుకీ పైకప్పుకీ మధ్య స్తంభంలా నిలబెట్టాడు. సబ్బునీళ్ళు రాసి తోస్తేగాని దూరనంత బిగువుగా కోశాడు. అంతకుముందు ఎండ తగిలితే చాలు పడవ అడుగు లోపలికి ఉబ్బేది. ఇప్పుడు నేను ఎక్కి తొక్కినా కదల్లేదు. స్తంభానికి రెండు పక్కలా మిగతా దిమ్మలు సర్ది, అవి జారిపోకుండా పట్టీలు కట్టాడు. వారం రోజులు పట్టింది. ఆ వారమంతా ఈల వేస్తూనే ఉన్నాడు.

శనివారం మధ్యాహ్నం రెండో పరీక్ష. బావ లైఫ్ జాకెట్‌ని అక్క తొడుక్కుని, నిండా నీళ్ళున్న పడవ మీద అటో కాలు ఇటో కాలు వేసి కూర్చుంది. పడవ కిందికి దిగింది, ఊగింది, నిలిచింది.

"తేలింది!" బావ రేవు చెక్కలు విరిగేలా గెంతాడు. "ఇంకేం, ఒప్పుకున్నట్టేగా?"

"ముందు నీళ్ళు తోడండి."

తోడాం. అక్క సీట్లో సర్దుకుని, బావ చేతిలోని తెడ్డు లాక్కుని, రేవుని ఒక్క తోపు తోసింది.

"హెల్వీ! ఎక్కడికి?"

"బయటి దీవికి. మీరు వెళ్ళే దారే."

"ఒంటరిగానా?"

"మీరెవర్ని తీసుకెళ్ళారేమిటి?"

ఈ రాళ్ళ మధ్యే పుట్టి పెరిగిన మనిషి, తెడ్డు వేయడం ఎవరూ నేర్పక్కర్లేదు. పది నిమిషాల్లో మలుపు తిరిగి కనుమరుగైంది. బావ మొదట నవ్వాడు. తర్వాత కాఫీ చల్లారిపోతున్నా ముట్టుకోలేదు.

"గాలి మారిందా?"

"లేదు బావా."

"మారింది. టైమెంత?"

"ఇందాకే చెప్పానుగా."

నేను వెళ్ళి ఆవిరిస్నానాల సౌనా గదిలో పొయ్యి రాజేసి వచ్చాను. ఆయన అక్కడే నిలబడి ఉన్నాడు, కళ్ళ మీద చెయ్యి అడ్డం పెట్టుకుని. నాకే జాలేసింది.

గంటన్నరకి అక్క వచ్చింది. బుగ్గలు ఎర్రబడ్డాయి, మోచేతుల దాకా తడిసింది, ముఖం నిండా నవ్వు. బావ బూట్లతోనే మోకాళ్ళ లోతు నీళ్ళలోకి దిగి పడవ పట్టుకున్నాడు.

"భయమేసింది హెల్వీ. చాలా భయమేసింది."

"నాకు ముప్ఫై ఏళ్ళుగా అంతే," అంది అక్క.

బావ పడవ వదల్లేదు. నీళ్ళలో అలాగే నిలబడి, "ఇంకో పడవ కొంటాను. ఇద్దరం కలిసే వెళదాం," అన్నాడు.

"కొనండి. కానీ ముందే చెబుతున్నా, మీ కోసం నేను ఆగను."