రెండు బడుల తీసివేత

ఆ పొద్దున ఆకాశం కనపడలేదు. సంక్రాంతితో మొదలయ్యే తై నెల మంచు, తమిళనాట వెల్లిచందై ఊరి పొలాల మీదికి దిగి, కోసిన రాగి మోళ్లను కూడా మూసేసింది. గొర్రెల వీపుల మీద ఆవిరి లేచాకే ఎండ వచ్చిందని తెలిసింది.

మునిరాజ్ మంద తడిక తీస్తున్నాడు. అతని సొంత ఊరు మహేంద్రమంగళం. రాగి కోతలయ్యాక ఏటా మందను ఇక్కడికి తోలుకొస్తాడు. రాత్రికొక పొలంలో గొర్రెలను పడుకోబెడితే ఆ నేలకు ఎరువు, వీళ్లకు గింజలు. వానలు పడేదాకా కాపురం టార్పాలిన్ గుడిసెలోనే. భార్య సౌభాగ్యం, నాలుగో తరగతి చదివే కూతురు రక్ష వెంట ఉంటారు. మంద ఎక్కడుంటే రక్ష బడి అక్కడ. ఏడాదిలో కొన్నాళ్లు ఆ ఊరి బడి, కొన్నాళ్లు ఈ ఊరి బడి.

"సోమవారం నుంచి అది నాతో మందకు వస్తుంది," అన్నాడు మునిరాజ్.

"ఎందుకో?" అంది సౌభాగ్యం.

"టీచరమ్మ పిలిచి చెప్పింది కదా, దానికి లెక్క రాదని. మనూరి బడి వాద్యారూ అదే చెప్పినాడు. రెండూర్లలో ఇద్దరూ ఒకే మాట చెప్తే ఇంకేముండాది? దాని తలకాయ అంతే."

"నీ తలకాయ కన్నా మేలే. గొర్రెల్ని దినామూ మూడు తూర్లు లెక్కబెడతావు, మూడు తూర్లూ వేరే వేరే చెప్తావు."

"అవి నిలబడితే కదా!"

గుడిసె వెనక జడ వేసుకుంటున్న రక్షకు అన్నీ వినపడ్డాయి. జడ సగంలో ఆగింది. తర్వాత మళ్లీ అల్లుకుని, సంచి తగిలించుకుని, ఎవరి మొహమూ చూడకుండా బడికి వెళ్లింది.

వెల్లిచందై బడిలో తేన్మొళి టీచర్ చెడ్డ టీచరు కాదు. పిల్లలకు పలకల మీద తీసివేతలు ఇచ్చి, ఒక్కొక్కరి దగ్గరా వంగి చూసేది. రక్ష లెక్క చేస్తూ అంకెల పైన, కింద ఏవో చిన్న గుర్తులు పెట్టుకునేది. టీచర్ దగ్గరికి రాగానే వాటిని బొటనవేలితో తుడిచేసేది. పలక మీద పిచ్చిగీతలేమిటని రెండు బడుల్లోనూ తిట్లు తిన్నది మరి. పలక మీద మిగిలేది తప్పు జవాబు ఒక్కటే.

"ఎలా చేశావు, చెప్పమ్మా?" అని తమిళంలో అడిగింది తేన్మొళి. రక్ష నేల చూసింది. ఇంట్లో తెలుగులో గలగలా మాట్లాడే పిల్ల బడిలో నోరు విప్పేది కాదు.

ఆ రోజు తేన్మొళి ఒక సంగతి గమనించింది. రక్ష జవాబులన్నీ సరిగ్గా పదే తక్కువ. తెలియని పిల్ల తలా తోక లేకుండా తప్పు చేస్తుంది. ఈ పిల్ల తప్పులకు ఒక వరస ఉంది. ఆ వరస ఎక్కడిదో ఆమెకు అందలేదు.

మర్నాడు శనివారం. ఆ చుట్టుపక్కల ఊళ్ల టీచర్లకు నెలకొకసారి జరిగే కూటం మహేంద్రమంగళం బడిలో పెట్టారు. అలాంటి కూటాల సంగతి చెప్పనక్కర లేదు. పైనుంచి వచ్చినవారు తెర మీద బొమ్మలు చూపిస్తారు. టీ వస్తుంది. సంతకాలవుతాయి. అందరూ బస్సుకు లేస్తారు. పక్క ఊరి టీచరు ఏ పాఠం ఎలా చెబుతున్నారో ఎవరూ అడగరు. అడిగితే తప్పు పట్టినట్టవుతుందని మొహమాటం.

టీ రాకముందే తేన్మొళి లేచి నల్లబల్ల మీద యాభై రెండులోంచి ఇరవై ఏడు తీసివేసే లెక్క వేసింది.

"మీరంతా మీ పిల్లలకు దీన్ని ఎలా చెబుతారో చేసి చూపిస్తారా?"

"ముందు గుణశేఖరన్ సార్ చేయాలి. రిటైరయ్యేలోగా మాకు తీసివేత నేర్పి పోవాలి కదా!" అన్నాడొక కుర్ర టీచరు. అందరూ నవ్వారు.

మహేంద్రమంగళం బడిలోనే పాఠాలు చెబుతూ తల నెరిసిన గుణశేఖరన్ నవ్వకుండా లేచాడు. పై రెండుకు పది కలిపి పన్నెండు చేశాడు. దానికి బదులు కింది పదుల అంకెకు ఒకటి చేర్చి మూడు చేశాడు. జవాబు ఇరవై అయిదు.

తేన్మొళి దాని పక్కనే తన పద్ధతి వేసింది. పై అయిదును కొట్టి నాలుగు చేసింది. ఆ పదిని రెండుకు కలిపింది. కింది అంకెను ముట్టుకోలేదు. జవాబు ఇరవై అయిదే.

"నా పద్ధతిలో తప్పేముంది?" అన్నాడు గుణశేఖరన్.

"తప్పేమీ లేదు సార్. నాదీ ఒప్పే. కానీ నా దగ్గరొక పిల్ల పదిహేను అంటుంది. ఎలా వస్తుందో నాకు తెలియడం లేదు."

గుణశేఖరన్ రెండు లెక్కలనూ మార్చి మార్చి చూశాడు. సుద్దముక్క తీసుకుని పై అయిదును నాలుగు చేశాడు, కింది రెండును మూడు చేశాడు. పదిహేను వచ్చింది.

"పైన కొట్టింది మీది. కింద చేర్చింది నాది," అన్నాడు. "ఇద్దరి మాటా విన్నదమ్మా ఆ పిల్ల. ఎవరు?"

"మీ ఊరి మునిరాజ్ కూతురు రక్ష."

"మొద్దని వాళ్ల నాన్నతో నేనే అన్నాను," అన్నాడాయన.

ఆ రోజు టీ చల్లారిపోయినా ఎవరూ లేవలేదు. తీసివేత అన్ని బళ్లలోనూ ముందు ఒకే పద్ధతిలో చెప్పాలనీ, అది గట్టిపడ్డాకే రెండోది చూపాలనీ అనుకున్నారు. ఒకరి తరగతిలో ఒకరు వెళ్లి కూర్చోవాలనీ, ప్రతి కూటానికీ పిల్లల తప్పులు తెచ్చి అందరూ కలిసి చూడాలనీ ఒప్పుకున్నారు. పద్ధతి ఏది ఉండాలన్నప్పుడు, "తేన్మొళిదే ఉంచండి. పదెక్కడిదో పిల్లలకు కనపడుతుంది," అన్నాడు గుణశేఖరన్. ఇన్నేళ్ల అలవాటును వదులుకుంటూ ఆయన అన్నది అంతే.

పొద్దు వాలేవేళకు ఇద్దరూ తేన్మొళి బండి మీద మంద దగ్గరికి వచ్చారు. రక్ష వాళ్లను చూసి గొర్రెల మధ్యకు దూరింది.

గుణశేఖరన్ తడిక దగ్గర నేల మీదే కూర్చున్నాడు. "రా అమ్మణ్ణీ, తిట్టేదానికి రాలేదులే," అన్నాడు తెలుగులో.

రక్ష తల బయటపెట్టింది. "సార్, మీకు మా మాట వస్తుందా?"

"మా అమ్మ నాతో మాట్లాడిందీ ఇదే. బడిలో ఎప్పుడూ మాట్లాడకపోతిని."

పుల్లతో మట్టిలో లెక్క వేసి ఇచ్చాడు. రక్ష ఈసారి తుడవలేదు. పైన కొట్టింది, కింద ఒకటి చేర్చింది.

"ఇట్లెందుకు చేస్తావు తల్లీ?"

"ఆ ఊర్లో మీరు చెప్తిరి, ఈ ఊర్లో టీచర్ చెప్పింది. ఒకటి వదిలేస్తే ఇంకొకరికి కోపమొస్తుంది కదా సార్."

తేన్మొళికి తెలుగు రాదు. ఆ పిల్ల మాటను గుణశేఖరన్ తమిళంలో చెబితే విన్నది. కొంగు కళ్లకు పెట్టుకుంది.

గుణశేఖరన్ పుల్ల తీసుకుని, తాను నేర్పిన ఒకటిని మట్టిలోంచి చెరిపేశాడు. "టీచర్ చెప్పినట్టు చెయ్యి. నాకు కోపం రాదు."

రక్ష చేసింది. ఇరవై అయిదు. మళ్లీ ఇంకొకటి అడిగింది. అదీ సరిగ్గా వచ్చింది.

మునిరాజ్ కర్ర ఊతంతో నిలబడి చూస్తున్నాడు. "అయితే దాని తలకాయలో తప్పు లేదా సార్?"

"లేదు మునిరాజ్. తప్పు మాది. ఒక బిడ్డకు చదువు చెప్పేవాళ్లంతా ఒకచోట కూర్చుని మాట్లాడుకోకపోతే, ఆ బరువంతా బిడ్డ నెత్తిన పడుతుంది. ఇంక మేము మాట్లాడుకుంటాము. నువ్వు దాన్ని బడికి పంపించు."

మునిరాజ్ కర్ర పక్కన పెట్టాడు. కూతురి తల మీద చెయ్యి వేసి, అలాగే అన్నట్టు తలాడించాడు. సౌభాగ్యం గుడిసెలోంచి, "చెయ్యి కడుక్కోండి, సంగటి దించినాను," అంది.

ఆరిన మట్టి మీద గోనెసంచి పరిచారు. వేడి రాగి సంగటి, అనపగింజల పులుసు. మునిరాజ్ పక్కన గుణశేఖరన్, తేన్మొళి పక్కన రక్ష. సౌభాగ్యం అందరికీ పెట్టి తానూ కూర్చుంది. అందరూ తిన్నారు.