మంచు మీద మూడు చలికాలాలు

మొగులయ్య మిలిటరీ నుంచి రిటైరై వచ్చి పధ్నాలుగేళ్లయింది. సొంత ఊరు చిట్కుల్‌లో ఎకరం పొలం ఉంది. అది కాక పాశమైలారం దగ్గర ప్లాస్టిక్ పలకలు చేసే కంపెనీలో వాచ్‌మన్ పని.

2004 ఎండాకాలంలో ఆ కంపెనీకి హైదరాబాద్ నుంచి ఎన్నడూ లేని ఆర్డరు ఒకటి వచ్చింది. కొత్తగా కడుతున్న ఒక పెద్ద షాపింగ్ భవనంలో స్కేటింగ్ కోసం మంచుకు బదులు ఈ పలకలే పరుస్తారట. పైన నూనె లాంటి మందు చల్లితే మంచులాగే జారాలట. సరిచూసుకోవడానికి రెండు జతల బూట్లు కూడా పంపారు. వాటి అడుగున కత్తి అంచులాంటి ఇనుప పట్టీ ఉంది.

మేనేజరు సత్తిబాబు గోదాములో నలభై పలకలు పరిపించాడు. ఇద్దరు ఆపరేటర్లు బూట్లు తొడుక్కుని రెండడుగులకే కూలబడ్డారు.

"సార్, నేను జెర చూస్త," అన్నాడు మొగులయ్య.

"నువ్వా? ఈ వయసులో నడుం విరగ్గొట్టుకుంటావేమయ్యా!"

మొగులయ్య నవ్వి లేసులు బిగించుకున్నాడు. లేచి నిలబడ్డాడు. మోకాళ్లు కొద్దిగా వంచి, ఒక కాలితో తోసి, రెండో కాలి మీద సాగిపోయాడు. గోడ దగ్గర ఒంటికాలి మీద తిరిగి వచ్చాడు. పనివాళ్లంతా చప్పట్లు కొట్టారు.

"ఎక్కడ నేర్చుకున్నావయ్యా ఇది?"

"మిలిటరీల ఉన్నప్పుడు, లడాఖ్ లేహ్‌ల సార్. మూడు చలికాలాలు. చెరువు మొత్తం గడ్డకట్టేది. డ్యూటీ అయిపోతే చాలు, చీకటి పడేదాక ఆడెటోళ్లం. గంత సంబురం మళ్ల ఎన్నడు చూడలే సార్."

సద్దిడబ్బా పట్టుకుని గోదాము తలుపు దగ్గర నిలబడిన అతని భార్య అరుణమ్మ ఆ మాట వింది. డబ్బా అక్కడే పెట్టి, భర్త పిలుస్తున్నా ఆగకుండా ఇంటికి వెళ్లిపోయింది.

రెండు రోజులు ఆమె మాట్లాడలేదు. కంచంలో అన్నం పెట్టేది, అవతలికి వెళ్లిపోయేది. మూడోనాడు మొగులయ్య కంచం పక్కకు జరిపాడు.

"ఏమైందో చెప్పరాదు, అరుణా?"

"ఏం చెప్పాలె? నువ్వు మంచుల ఉన్నన్ని దినాలు సోమవారం సోమవారం ఒక్కపొద్దులున్న. నీ కాళ్లు మంచిగుండాలని చెప్పుల్లేకుంట బొంతపల్లి వీరభద్రుని కాడికి నడిచిన. ఉత్తరం వస్తే చలి, గాలి, వేళ్లు తిమ్మిరి, గిదే రాస్తివి. నువ్వక్కడ ఆడుకున్నవా?"

మొగులయ్య తల దించుకునే జవాబు చెప్పాడు.

"అమ్మ మంచం పట్టి ఉండె. నువ్వు ఆమెను చూసుకుంట, నాట్లల్ల నడుం వంచి ఉంటివి. నేనిక్కడ సంబురంగ ఉన్ననని ఏ మొకంతోని రాద్దును? చలి అబద్ధం కాదు. ఆట ఒక్కటే దాచిన."

"రాసుంటే నేను నిమ్మలంగ పండుకుందును గద!" అందామె. "నువ్వు నవ్విన దినం ఒక్కటుందని తెల్సినా పండుకుందును."

ఆమె కోపం దేని మీదో అతనికి అప్పుడు అర్థమైంది. చెయ్యి కడుక్కుని వచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు. చెరువు గడ్డకట్టడం మొదలైన నాటి నుంచి, రాయని సంగతులన్నీ ఒక్కొక్కటే చెప్పాడు.

ఆదివారం కంపెనీకి సెలవు. సత్తిబాబును అడిగి తాళం తీసుకుని, మొగులయ్య భార్యను గోదాముకు తీసుకుపోయాడు. చిన్న జత కూడా ఆమెకు పెద్దదే అయింది. రెండు జతల మేజోళ్లు తొడిగి, ఆమె ముందు మోకాళ్ల మీద కూర్చుని లేసులు కట్టి, పెద్ద జత తను తొడుక్కున్నాడు.

"నాకు సిగ్గయితంది," అందామె.

"ఎవరున్నరిక్కడ?"

రెండు చేతులూ పట్టుకుని, వెనక్కి జరుగుతూ మెల్లగా లాగాడు. ఆమె కళ్లు మూసుకుంది. తర్వాత ఒక కన్ను తెరిచింది.

"నిజం చెప్పు. గది మంచిదా, గిది మంచిదా?"

"గదే మంచిది," అన్నాడు దాచకుండా. "మంచు మీద ఒక్కసారి తోస్తే, మనం ఊకున్నా అదే తీసుకపోతది. కత్తి కింద జెర కరిగి నీళ్లయితది. దీని మీద అడుగడుగుకు తొయ్యాలె. ఊకుంటే ఆగిపోతది. సప్పుడు గూడ వేరు. అక్కడ గీత గీస్తే చెరువంత మోగేది. ఇది బరబర అంటది, పొట్టు లేస్తది."

"పడితే?"

"అక్కడ తడిసి గజగజ వణుకుతం. ఇక్కడ మోచేయి గీరుకపోతది." అతను ఆగి అన్నాడు, "కని అక్కడ నువ్వు లేవు."

అరుణమ్మ రెండో కన్ను కూడా తెరిచింది. గోదాము చివరిదాకా పోయి, మళ్లీ తిరిగి వచ్చారు. ఉన్నట్టుండి ఆమె కిసుక్కున నవ్వింది.

"నేను గూడ ఒకటి రాయలే నీకు."

"ఏంది?"

"సైకిల్ నేర్చుకున్న. నీ సైకిలే. కోతలైనంక ఖాళీ మళ్లల్ల పక్కింటి శివమ్మ ఎనుక పట్టుకునేది. అత్తమ్మకు చెప్పలే. గట్ల ఒక నెల నడిచింది."

మొగులయ్య నోరు తెరిచాడు. "హ్యాండిల్ వంకర నీ పనేనా? సెలవు మీదొచ్చి తమ్ముణ్ణి తిడితి గదనే!"

"తిట్లు పడుతుంటే అయ్యో అనిపించింది. అయినా చెప్పలే."

నవ్వాపుకోలేక ఇద్దరూ తూలారు. ఆమె అతని భుజం పట్టుకుని నిలదొక్కుకుంది.

"ఇగ చెయ్యిడువు. నేనే పోత."

నాలుగడుగులు పోయింది. అయిదో అడుగుకు పలకల మీద దబ్బున కూర్చుంది. దెబ్బ తగిలిందేమోనని అతను జారుతూ వచ్చేసరికి ఆమె కళ్లలో నీళ్లు వచ్చేంతగా నవ్వుతోంది. అతనూ పక్కన చతికిలబడ్డాడు.

గురువారం లారీ వచ్చి పలకలు తీసుకుపోయింది. ఆ సాయంత్రం మొగులయ్య డ్యూటీ దిగి వచ్చి, సైకిల్‌కు గాలి కొట్టి, సీటు రెండంగుళాలు కిందికి దించాడు.

"ఎవరన్న చూస్తే?" అంది అరుణమ్మ, కొంగు నడుముకు బిగిస్తూ.

"చూడనీ," అన్నాడతను, వెనక పట్టుకుంటూ.