అత్తమ్మకు నిద్ర పట్టింది

మా అత్తమ్మ బిక్షమ్మకు రాత్రుళ్లు నిద్ర ఉండేది కాదు. మేమంతా పడుకున్నాక దగ్గేది, కుక్కలను అదిలించేది, గొళ్లెం కదిపి చూసేది. నాకు చిర్రెత్తుకొచ్చేది. చివరికి నేనే పట్టుబట్టి మోత్కూర్ దవాఖానలో చూపించాను. డాక్టరు రాసిన గోలీతో అత్తమ్మ హాయిగా నిద్రపోవడం మొదలుపెట్టింది.

ఇక నాకూ హాయే అనుకున్నాను. ఏం హాయి? ఇల్లంతా చప్పుడు లేకుండా ఉంటే కన్ను మూతపడదు. పిల్లలు ఉలిక్కిపడి లేస్తున్నారు. నా భర్త రాంచందర్ బడి బస్సు నడుపుతాడు. మంచమెక్కగానే గురకపెట్టే మనిషి తెల్లవార్లూ దొర్లుతున్నాడు. మొన్న కునుకు పట్టి బస్సును కాలువ గట్టు దాకా పోనిచ్చాడట. బస్సులోని పిల్లలు అరిస్తే తెలివొచ్చిందట.

గోలీ వేసుకునేది ఆమె. నిద్ర లేకుండా పోయింది మాకు. ఇదెక్కడి విడ్డూరం? దిష్టి తీశాను, సెల్లు దాచాను, పాలు కాచి ఇచ్చాను. లాభం లేక మళ్లీ డాక్టరునే అడిగాను.

"మనుషులు గుంపులుగా అడవుల్లో బతికినప్పుడు ఒకరు మేల్కొంటేనే మిగతావాళ్లు పడుకునేవారట. ముసలితనంలో నిద్ర తగ్గేది అందుకేనని కొందరంటారు. మీ ఇంట్లో అదే జరుగుతోందో ఏమో, నేను చెప్పలేను" అన్నాడు.

స్లాబు ఇల్లు, ఇనుప తలుపు. ఇంకా దేనికి కాపలా? నాకు అర్థం కాలేదు. అయినా ఆ సాయంత్రం అత్తమ్మతో గోంగూర తుంచుతూ అడిగేశాను.

"అత్తమ్మా, గా గోలీ జర ఆపుతవా?"

"ఎందుకే? మంచిగ నిద్ర పడ్తాంది."

బస్సు సంగతి చెప్పాను. ఆమె చేయి ఆగిపోయింది.

"గుడిసెల ఉన్నప్పుడు పాములొచ్చేటియి. మీ మామ కూలికి పోయొచ్చి ఒళ్లు తెల్వకుంట పడుకునేటోడు. పిల్లల కాడ ఎవరన్న మేల్కోవాలె గద. గట్ల కూసున్న. తర్వాత పండుకునుడే మర్సిపోయిన. నిద్ర గింత తియ్యగుంటదని గిప్పుడే తెలిసింది."

నాకు సిగ్గేసింది. బస్సులోని పిల్లలు గుర్తొచ్చి భయమూ వేసింది. వద్దులే అనాలో, ఆపమనాలో తోచలేదు.

"ఇయ్యాల ఒక్క రాత్రి పండుకోనియ్యి బిడ్డా. రేపటి సంది మేలుకుంట" అంది అత్తమ్మ.

నేను సరేనని తలూపాను.