నర్సు వస్తోందన్నాడు

ఆరోగ్యశాఖ డైరెక్టర్ రాయ్‌పూర్ నుంచి శబరి నది ఒడ్డున ఉన్న ఆ ఊరికి రావడం అదే మొదలు. ఊరివాళ్లు తెలుగులో చెప్పింది హిందీలో అందించడానికి రిటైరైన బడిపంతులు ముసలయ్యను పక్కన నిలబెట్టారు.

"ఏం చెయ్యగలడు సారూ ఈయన?" అని భద్రమ్మ ముందే ముసలయ్యను అడిగింది. ఆమె కోడలికి ఏడో నెల. కాన్పు నాటికి వానలు ముదిరి వాగు పొంగుతుంది. ఊరు దాటడం ఉండదు.

"శాఖ మొత్తానికి పెద్ద. కొత్త ఉద్యోగం పుట్టియ్యలేడు, అది సర్కారు చెయ్యాలె. రాని నర్సును సస్పెండ్ చెయ్యగలడు. ఇంకో చోటి నర్సును ఇక్కడికి మార్చగలడు. ఒక్క సంతకం చాలు."

"అబ్బో! మా ఆయన లెక్క కాదు. వేలిముద్రకే వారం తీసుకుంటడు."

ఆ సంతకం విలువ ముసలయ్యకు తెలుసు. రెండేళ్ల కిందట వానల్లో అతని భార్య సూర్యకాంతం జ్వరంతో ఊళ్లోని ఆరోగ్య ఉపకేంద్రానికి వచ్చింది. తలుపుకు తాళం. మెట్టు మీద కూర్చుని కూర్చుని అక్కడే ఒరిగిపోయింది. ఆనాటి నుంచి ఆ శాఖను అతను తిట్టని రోజు లేదు.

డైరెక్టర్ మర్యాదస్థుడే. నర్సులు కావలసిన ఊళ్ల జాబితా ఒళ్లో పెట్టుకుని, పెన్ను తీసి, నర్సు వస్తోందా అని భద్రమ్మను అడిగాడు.

"ఎనిమిది నెలలాయె దాని మొహం చూసి. ఇయ్యాల పొద్దుగాల మీ కోసమే తాళం పగలగొట్టిన్రు."

డైరెక్టర్ వెనక, ఈ ఉపకేంద్రాన్ని చూసుకోవలసిన బ్లాకు డాక్టర్ ఉపేంద్ర నిలబడి ఉన్నాడు. ముసలయ్య కూతురు స్రవంతిది సుక్మాలో అదే శాఖలో కాంట్రాక్టు ఉద్యోగం. ఏటా పొడిగించమని రాసేది ఆయనే.

"స్రవంతి బాగుందా, మాస్టర్‌జీ?" అన్నాడు. అంతే.

ముసలయ్య డైరెక్టర్ వైపు తిరిగాడు.

"ఆతీ హై, సాబ్. హర్ హఫ్తే."

వారం వారం వస్తోందట. డైరెక్టర్ తలూపి జాబితాలో ఆ ఊరి పేరు కొట్టేశాడు. బండ్లు వెళ్లిపోయాయి.

జనం చెదిరారు. భద్రమ్మ కదల్లేదు.

"ఇరవై ఏండ్లు కొంటా ఊరి సంతల చింతపండు అమ్మిన సారూ. ఆతీ హై అంటే ఏందో నాకు తెలవదా?"

సంత హిందీ రానివాళ్లు ఆ ఊళ్లో ఎవరున్నారు? అందరూ విన్నారు. సారు అన్నాక ఎదురు చెప్పే అలవాటు లేక ఊరుకున్నారు. ఆ సంగతి ముసలయ్యకు తట్టనే లేదు.

"మరి అప్పుడే ఎందుకు అనలే?"

"నువ్వే దిద్దుతవని చూసిన. బడిల మా పిల్లల తప్పులు దిద్దినోడివి గదా."

ఆమె వెళ్లిపోయింది. ముసలయ్య ఉపకేంద్రం మెట్టు మీద కూలబడ్డాడు.

సాయంత్రం ఆఫీసు మనిషి కొత్త తాళం తెచ్చాడు. తలుపు వెయ్యాలి, లేవమన్నాడు.

ముసలయ్య లేచి పక్కకు తప్పుకున్నాడు.